మెతుకుసీమ ప్రాణిసంపద

మెదకు పట్టణమునకు ఆ పేరు ‘మెతుకు’ అను మాటనుండి కలిగినదని ప్రసిద్ధి. పట్టణముననున్న గుట్టమీది పురాతన దుర్గమును పూర్వము మెతుకుదుర్గమని పిలిచెడివారు. చుట్టుపట్ల ప్రదేశమునకు మెతుకుసీమ యని నేటికిని వాడుక గలదు. 1905వ సంవత్సరమున మంజీరా నదిపై ఘనపురము ఆనకట్ట వెలసిన పిదప, దాని కాలువల నీటితో ఈ సీమలోని వరిపొలములు పచ్చబడినవి. పట్టణమునకు పేరు తెచ్చిన పెద్ద చర్చి 1914వ సంవత్సరము మొదలు 1924 వరకు కట్టబడినది. కరవుకాలమున ఆ కట్టడపు పని పేదలకు కూడు పెట్టినదని ఇక్కడివారు చెప్పుకొందురు. ఈ విధముగా మెదకు చరిత్రమునందు అన్నపు మెతుకునకు పెద్ద స్థానమే కలదు.

ఒక మెతుకు విస్తరిలోనికి వచ్చుటకు ఎందరు పాటుపడవలయును? రైతు, ఎద్దు, నీరు, ఎండ - ఇవి అందరును ఎరిగినవే. కాని కంటికి ఆనని సహాయకులు మరెందరో కలరు. వానపాములు మట్టిని గుల్లచేయును. సూక్ష్మజీవులు రాలిన ఆకును, పేడను కుళ్లజేసి పైరునకు ఆహారముగా మార్చును. కప్పలు, సాలీళ్లు, తూనీగలు, కొంగలు పురుగులను తినును. గుడ్లగూబయు, జెర్రిపోతును ఎలుకలను పట్టును. వరిచేనికి ప్రక్కన పండు నువ్వు, గుమ్మడి, దోస మొదలగువాని పూత కాయ యగుటకు తేనెటీగలు తోడ్పడును. వీరిలో ఏ యొక్కరికిని కూలి లేదు. ఏ యొక్కరు పని మానినను నష్టము మాత్రము రైతుదే.

భూమిపైనున్న ఇట్టి నానావిధ ప్రాణుల సమూహమునకే జీవవైవిధ్యమని పేరు. ఇది మూడు తెరగులుగ నుండును. మొదటిది జాతుల వైవిధ్యము. చీమ మొదలు ఏనుగువరకు, నాచు మొదలు మఱ్ఱిచెట్టువరకు గల భిన్నజాతులన్నియు దీనిలో చేరును. రెండవది ఒకే జాతిలోని రకముల వైవిధ్యము. వరి యొక్కటే యైనను, నీటిముంపునకు ఓర్చునది, కరవునకు ఓర్చునది, సువాసన గలది, తెగులునకు లొంగనిది అని దానిలో వేలకొలది రకములు కలవు. మూడవది నెలవుల వైవిధ్యము. అడవి, చెరువు, నది, పచ్చికబయలు, రాతిగుట్ట - ఒక్కొక్క నెలవున ఒక్కొక్క విధమైన ప్రాణిలోకము వర్ధిల్లును. నెలవు చెడినచో, దానిలో నివసించు వన్నియు చెడును.

ఈ మూడింటిని కన్నులార చూచుటకు మెదకు విద్యార్థులు దూరదేశములకు పోనక్కరలేదు. పట్టణమునకు సుమారు పదునైదు కిలోమీటర్ల దూరమున పోచారము అభయారణ్యము కలదు. ఇది మెదకు, కామారెడ్డి జిల్లాలలో సుమారు 130 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్నది. 1916, 1922 సంవత్సరముల నడుమ ఒక వాగునకు అడ్డముగా కట్టిన ఆనకట్టవలన ఇచటి సరస్సు ఏర్పడినది. ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటభూమిగా నుండిన ఈ అడవి 1952వ సంవత్సరమున అభయారణ్యమయ్యెను. చిరుతపులి, ఎలుగుబంటి, తోడేలు, చుక్కల దుప్పి, కణితి, మనుబోతు ఇచటి మృగములు. వీనితోపాటు కొండగొర్రె యను ఒక చిన్న మృగము కలదు. దాని మగదానికి నాలుగు కొమ్ములుండును. నాలుగు కొమ్ములు గల అడవి మృగము ప్రపంచమున మరియొకటి లేదు. అది భారతదేశమునను, నేపాలమునను దప్ప వేరొకచోట స్వేచ్ఛగా జీవింపదు. చలికాలమున పోచారము సరస్సునకు తలపై రెండు నల్లని పట్టీలు గల బాతులు వచ్చును. అవి మధ్యాసియా ప్రాంతములనుండి బయలుదేరి, హిమాలయములను దాటి ఇంతదూరము ఎగిరివచ్చు ధీరపక్షులు.

మెదకు సమీపముననే మంజీర ఏడుపాయలవద్ద పాయలు పాయలుగా చీలి ప్రవహించును. మహారాష్ట్రములోని బాలాఘాటు కొండలలో పుట్టిన ఈ నది సుమారు 724 కిలోమీటర్లు ప్రవహించి కందకుర్తివద్ద గోదావరిలో కలియును. ఎగువన సంగారెడ్డి ప్రాంతమున ఈ నదిలో మొసళ్ల రక్షణకై 1978వ సంవత్సరమున ఒక అభయారణ్యము నెలకొల్పబడినది. చర్మమునకై వేటాడబడి క్షీణించిన మొసళ్లు అచ్చటి దీవులపై ఎండకాగుచు గుడ్లు పెట్టుచున్నవి. ఆ నీటినే హైదరాబాదు నగరవాసులు పెక్కేండ్లుగా త్రాగుచున్నారు. మొసలికి పనికివచ్చు శుభ్రమైన నది మనుష్యునకును పనికివచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఇట్టి సంపద శాశ్వతమని తలంచుట పొరపాటు. వేగమున సాటిలేని చీతా ఒకప్పుడు దక్కను బయళ్లలో కృష్ణజింకలను తరిమెడిది. రాజులు దానిని పట్టి, మచ్చికచేసి, వేటకు తోడు తీసికొని పోయెడివారు. బయళ్లు సాగుభూములయ్యెను. జింకలు తరిగెను. వేట ఆగలేదు. 1947వ సంవత్సరమున మధ్యభారతమందలి ఒక సంస్థానములో మూడు చీతాలు తుపాకికి బలియయ్యెను. దేశమున చీతా ఇక లేదని 1952లో ప్రకటింపబడెను. పోచారము అభయారణ్యమైన సంవత్సరము కూడ అదియే. ఒకచోట అడవికి రక్షణ లభించిన యేడే, మరొక మృగము విషయమున రక్షణ ఆలస్యమైనదని తేలెను. డెబ్బది సంవత్సరముల పిదప, 2022 సెప్టెంబరులో, ఆఫ్రికాలోని నమీబియానుండి ఎనిమిది చీతాలను విమానమున తెచ్చి మధ్యప్రదేశమందలి కూనో అడవిలో విడిచిరి. ఒకసారి పోగొట్టుకొన్న దానిని తిరిగి తెచ్చుకొనుట ఎంత వ్యయప్రయాసలతో కూడినదో ఈ యుదంతము చాటుచున్నది.

రాబందుల కథ మరింత విచారింపదగినది. వానిని ఎవరును వేటాడలేదు. వాని చెట్లను ఎవరును పనిగట్టుకొని నరకలేదు. అయినను 1990వ దశకమున దేశమంతటను అవి గుంపులు గుంపులుగా చచ్చిపడెను. మూడు జాతుల రాబందులు నూటికి తొంబదియైదు పాళ్లకు మించి నశించెను. కారణము చాలకాలమువరకు అంతుపట్టలేదు. పశువుల నొప్పికి, వాపునకు ఇచ్చు డైక్లోఫినాక్ అను మందే దీనికి మూలమని 2004లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఆ మందు పడిన పశువు చనిపోయినపుడు దాని కళేబరమును తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి ప్రాణము పోవుచుండెను. భారత ప్రభుత్వము 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించెను. రాబందునకు హానిచేయని మెలాక్సికామ్ అను మందు దాని స్థానమున వాడుకకు వచ్చెను. రాబందులు పోయిన తరువాత కళేబరములు ఊరిబయట కుళ్లజొచ్చెను. వానిని తిని ఊరకుక్కలు పెరిగెను. కుక్కకాటు భయమును పెరిగెను. అసహ్యమని జనులు చూడనొల్లని పక్షి ఎంతటి ఊడిగము చేయుచుండెడిదో అది పోయిన పిమ్మటనే తెలిసినది. 2013లో ఉత్తర తెలంగాణమందలి బెజ్జూరు అడవిలో, కొండచరియపై కొన్ని రాబందులు గూళ్లు కట్టుట కనబడినపుడు, అటవీశాఖవారు వానిని నిధివలె కాపాడబూనిరి.

అడవిలోని నష్టము వార్తాపత్రికలకు ఎక్కును. పొలములోని నష్టము నిశ్శబ్దముగ జరిగిపోవును. మెతుకుసీమలో నీరందని ఎఱ్ఱనేలలపై పూర్వము జొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, అరిక, తైదలు పండెడివి. వానినడుమ కంది, పెసర, ఉలవ, బొబ్బర, అనుములును, గట్లవెంట పుంటికూరయు ఉండెడివి. ఒక పైరు ఎండినను మరియొకటి ఇంటికి చేరెడిది. బోరుబావులు, సంకరవిత్తనములు, ఎరువులు వచ్చినపిదప ఒకే భూమిలో ఒకే పంట వేయుట పెరిగినది. దీనివలన ధాన్యము విస్తారముగ పండి, కరవుల భయము తగ్గినమాట నిజము. ఆ మేలును మరువరాదు. కాని ఆ సందడిలో పాతవిత్తనములు గాదెలనుండి ఒక్కొక్కటిగా మాయమైనవి. విత్తనము పుస్తకమువంటిది కాదు. పుస్తకమును బీరువాలో నూరేండ్లు ఉంచవచ్చును. విత్తనమును కొన్నియేండ్లు విత్తకున్నచో అది మొలకెత్తు శక్తిని కోల్పోవును.

పాతరకములు లేకున్న నేమి యని కొందరందురు. దీనికి చరిత్రమే సమాధానము. ఐర్లండు దేశమున పేదలు ఒకే రకపు బంగాళాదుంపను నమ్ముకొని బ్రతుకుచుండిరి. 1845లో ఒక బూజుతెగులు వచ్చి ఆ పంటను కుళ్లగొట్టెను. ఆ రకమునకు తెగులును తట్టుకొను శక్తి లేదు. వేరొక రకము వారియొద్ద లేదు. పాలకుల ఉపేక్షయు దీనికి తోడై, కొలది సంవత్సరములలో సుమారు పదిలక్షలమంది ఆకలికిని రోగములకును బలియైరి.

దీనికి మారుగా, వైవిధ్యము అన్నము నిలిపిన కథ యొకటి కలదు. 1970వ దశకమున ఆసియాలోని వరిపొలములకు ఒక వైరస్ తెగులు సోకెను. సుడిదోమ మోసికొనివచ్చు ఆ తెగులు వరిమొక్కను గిడసబార్చి గడ్డిదుబ్బువలె చేయుచుండెను. ఫిలిప్పీన్సు దేశమందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు ఆరువేలకు పైగా రకములను పరీక్షించిరి. భారతదేశములోని ఉత్తరప్రదేశమునుండి సేకరింపబడిన ఒక అడవివరిలో మాత్రమే ఆ తెగులును ఎదిరించు గుణము దొరికెను. దాని శాస్త్రనామము ‘ఒరైజా నివారా’. తపోవనములలోని మునుల ఆహారమని కావ్యములు వర్ణించు నీవారధాన్యమే ఆ పేరునకు మూలము. ఆ గుణమును చేర్చి రూపొందించిన ఐ.ఆర్. 36 అను వంగడము 1976లో వెలువడి, లక్షలాది ఎకరములలో పండి, కోట్లమందికి అన్నము పెట్టెను. గుంటల ఒడ్డున మొలచు గడ్డిని పనికిమాలినదని పెరికివేసియుండినచో, ఆ మెతుకు ఎవరికిని దక్కియుండెడిది కాదు.

ఈ సత్యమును చదువులేని స్త్రీలు పాత మెదకు జిల్లాలోనే గ్రహించి ఆచరించి చూపిరి. నేడు సంగారెడ్డి జిల్లాలో చేరిన జహీరాబాదు ప్రాంతమున 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యను సంస్థ ఏర్పడినది. పస్తాపూరు గ్రామము దానికి కేంద్రము. దీనితో కలిసి పనిచేయు పల్లెసంఘములలోని స్త్రీలు పెక్కుమంది కొద్దిపాటి భూమిగల పేదలు. వారు బీడుపడిన నేలలను బాగుచేసి, మరుగునపడిన విత్తనములను వెదకి తెచ్చి, ఒకే చేనిలో పది, పదునైదు, ఒక్కొక్కప్పుడు ఇరువది పంటలను కలిపి పండించిరి. పండినదానిలో గట్టి గింజలను ఏరి, బూడిదయు, వేపాకును కలిపి, మట్టిపూసిన బుట్టలలో దాచిరి. విత్తనమును అడిగిన తోటి రైతునకు ఇచ్చి, పంట వచ్చినపిదప ఇచ్చినదానికంటె అధికముగ తిరిగి తీసికొనుట వారి బ్యాంకు పద్ధతి. ఏటేట సంక్రాంతివేళ ‘పాతపంటల జాతర’ పేరిట ఎడ్లబండ్లను అలంకరించి, విత్తనములను ఊరూర త్రిప్పి చూపిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చు ఈక్వేటర్ పురస్కారము ఈ సంస్థకు లభించెను. 2023వ సంవత్సరమును ప్రపంచమంతయు చిరుధాన్య సంవత్సరముగ జరిపినది. పేదల కూడని చిన్నచూపు చూడబడిన జొన్న, కొఱ్ఱలకు ఈ విధముగా గౌరవము తిరిగివచ్చినది.

జీవవైవిధ్యము క్షీణించుటకు కారణములు ప్రధానముగ అయిదు. నెలవులు చెడుట మొదటిది. చెరువును పూడ్చి ఇండ్లు కట్టినను, గుట్టను పగులగొట్టి కంకర తీసినను అచ్చటి ప్రాణులకు వేరు తావు లేదు. మితిమీరిన వేట, చేపలవేట, కలపనరకుట రెండవది. పరదేశపు మొక్కల దాడి మూడవది. అమెరికాఖండమునుండి వచ్చిన వయ్యారిభామ పొలములను, దక్షిణ అమెరికానుండి వచ్చిన గుఱ్ఱపుడెక్క చెరువులను కప్పివేసి, స్థానికమైన మొక్కలకు చోటు లేకుండ చేయుచున్నవి. పురుగుమందులు, మురుగునీరు, ప్లాస్టిక్ మొదలగు విషములు నాలుగవది. భూమి వేడెక్కి వానల తీరు మారుట అయిదవది. ఈ యైదును మనుష్యుని చేతలవలన కలిగినవే. కావున వానిని తగ్గించుటయు మనుష్యునికి సాధ్యమే.

ఇచట ఒక చిక్కుప్రశ్న పుట్టును. అడవిపందులు మొక్కజొన్నను తొక్కివేయుచుండగా, కోతులు కూరగాయలను పీకివేయుచుండగా, ఆ రైతునకు ప్రాణిరక్షణ బోధించుట న్యాయమా? తునికాకు, వంటచెరకు అమ్మి జీవించు పేదను అడవిలోనికి పోవలదనుట ధర్మమా? ఈ ప్రశ్నను తేలికగ త్రోసివేయరాదు. అడవిలో పండ్లచెట్లును, నీటిగుంటలును తరిగినపుడే కోతులు ఊళ్లకు దిగును. చిరుతలు, తోడేళ్లు తరిగినచోట పందులు పెరుగును. కావున రైతు కష్టమునకును అడవి కష్టమునకును మూలము పెక్కుసార్లు ఒక్కటియే. నష్టపోయిన రైతునకు పరిహారము సకాలమున అందజేయుటయు, అడవిని ఆశ్రయించినవారికి దాని రక్షణలో పనియు పాలును కల్పించుటయు సమాజము బాధ్యత. భారమంతయు పేదలపై మోపి, మేలుమాత్రము అందరును అనుభవించు పద్ధతి నిలువజాలదు.

స్థానికుల జ్ఞానమెంత విలువైనదో కలివికోడి చరిత్రము తెలుపుచున్నది. 1900వ సంవత్సరము తరువాత ఎవరికిని కనబడక, నశించినదని తలంపబడిన ఈ పక్షి 1986లో కడప జిల్లా లంకమల అడవులలో మరల దొరికెను. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు శాస్త్రజ్ఞులకు దానిని చూపినవాడు పిట్టలను పట్టి బ్రతుకు ఒక స్థానికుడు. ఆ పక్షి నెలవును కాపాడుటకై అచట అభయారణ్యము ఏర్పడెను. తెలుగుగంగ కాలువ మార్గమును కూడ మార్చిరి.

ప్రభుత్వము చేయదగినది కొంత చేసినది. వన్యప్రాణుల రక్షణకు 1972లోను, జీవవైవిధ్య రక్షణకు 2002లోను చట్టములు వచ్చినవి. రెండవ చట్టము ప్రకారము ప్రతి పంచాయతీకిని, పురపాలక సంఘమునకును ఒక జీవవైవిధ్య సంఘము ఉండవలయును. తమ ఎల్లలలోని మొక్కలు, జంతువులు, విత్తనములు, ఔషధములు, వానినిగూర్చి పెద్దలకు తెలిసిన విషయములు - వీనినన్నింటిని ఒక పట్టికలో వ్రాసి ఉంచుట ఆ సంఘపు పని. పాత మెదకు జిల్లాలోనిదే యగు అమీన్‌పూరు చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగ ప్రకటింపబడినది. అయినను చట్టము కాగితముపై నుండును, చెరువు ఊరిలో నుండును. ఊరివారు కాపాడనిదానిని చట్టమొక్కటే కాపాడజాలదు.

విద్యార్థులు చేయగల పనులు చిన్నవైనను, ఫలము చిన్నది కాదు. పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి. దసరానాడు దానిని చూచుట శుభమని నమ్మకము. ఆ నమ్మకమును సొమ్ము చేసికొనుటకు కొందరు పిట్టలను పట్టి, రెక్కలు కట్టి, పంజరములలో త్రిప్పుదురు. వానిలో పెక్కు పండుగ పిమ్మట చచ్చిపోవును. పంజరమునకు డబ్బు ఇయ్యక, పొలమునకు పోయి తీగపై వ్రాలిన పాలపిట్టను చూచుటయే నిజమైన శుభదర్శనము. బతుకమ్మకు తంగేడు, గునుగు కావలయును. అవి ఎవరును నాటక గట్లపైనను బీళ్లలోను పూచును. గట్టునంతయు కలుపుమందుతో మాడ్చినచో బతుకమ్మకు పూవులుండవు. తేనెటీగకు తిండియు నుండదు. సంక్రాంతి గాలిపటమునకు గాజుపొడి పూసిన నైలాను దారమును వాడకుండుట, వేసవిలో పక్షులకు మూకుడులో నీరుంచుట, పాము కనబడినపుడు చంపక అటవీశాఖవారికి తెలుపుట, ఇంటిలోని అవ్వ దాచిన చిక్కుడు, బీర, సొర విత్తనములను అడిగి పెరటిలో నాటుట - ఇవన్నియు బాలబాలికలకు సాధ్యములే. పాఠశాల ఆవరణలో కానుగ, వేప, రావి, జమ్మి వంటి స్థానిక వృక్షములను పెంచవచ్చును. తమ ఊరి చెరువునకు ఏ మాసమున ఏ పక్షులు వచ్చినవో నోటుపుస్తకమున వ్రాసికొన్నచో, కొన్నియేండ్లకు అదియే ఆ ఊరి పట్టికకు ఆధారమగును.

మెదకు పెద్దలు తమ సీమకు రాజు పేరు గాని, వీరుని పేరు గాని పెట్టక, మెతుకు పేరు పెట్టుకొనిరి. ఆ మెతుకు వెనుక వానపాము, కప్ప, గుడ్లగూబ, నివ్వరిగడ్డి, విత్తనపు బుట్టను దాచిన స్త్రీ, చెరువు, అడవి కలవు. అన్నము తినుటకు ముందు నేలకు, నీటికి మ్రొక్కు అలవాటు పల్లెలలో నేటికిని కొందరికి కలదు. వానిలోని ప్రాణులను బ్రతుకనిచ్చినప్పుడే ఆ మ్రొక్కు సార్థకమగును.